ఆంగ్లేయ విద్వత్సభలలో ఉపక్రమవాక్యములు

విద్వత్సభలో నొక వ్యాసమును జదువ నిలిచినవాడు మొట్టమొదట నేమి పలుకవలెను? ఈ ప్రశ్న స్వల్పముగా దోచును. కాని ఆంగ్లభాషయందు తమ పరిశోధనమును వినిపింపవలసిన మన విద్యార్థులకును, పండితులకును ఇది స్వల్పము కాదు. ఏండ్ల తరబడి శాసనములను జదివి, తాళపత్రములను బోల్చిచూచి, యొక నిర్ణయమునకు వచ్చినవాడు సయితము సభాముఖమున నిలిచినప్పుడు మొదటి యాంగ్లవాక్యమునకై తడుముకొనుట కలదు. అందుచేత గొందరు కొన్ని వాక్యములను గంఠస్థము చేసికొని వచ్చి, విషయముతో బొత్తు లేకున్నను వానిని వరుసగా నప్పగింతురు. ఇరువది నిమిషముల కాలములో నైదు నిమిషము లిట్లు గడచిపోవును. అసలు విషయము చెప్పబోవువేళకు నధ్యక్షుని గంట మ్రోగును.

ఈ వాక్యములు వట్టి యలంకారములు కావు. వీనిలో బ్రతిదియు నొకానొక సభానియమమునుండియో, యొకానొక యవసరమునుండియో పుట్టినది. ఏ వాక్య మే పనికై పుట్టినదో యెరిగినవాడు కావలసినదానిని గైకొని, యక్కరలేనిదానిని విడువగలడు. ఎరుగనివాడు నన్నిటిని మోయవలసినదే. కావున వాని చరిత్రమును సంగ్రహముగా విచారించి, వానికిని మన శాస్త్రగ్రంథముల యుపక్రమపద్ధతికిని గల సామ్యమును జూపుట యీ వ్యాసముయొక్క యుద్దేశము.

ఆంగ్లేయుల సభాభాషణమునకు బ్రాచీనమూలము రోమకుల వాగ్మిశాస్త్రము. సిసిరో పండితుడు (క్రీ.పూ. 106–43) తన యౌవనమున రచించిన 'దే ఇన్వెన్షియోనే' యను గ్రంథమున నుపన్యాసమును ఆరంగములుగా విభజించెను. అందు మొదటిదగు 'ఎక్సోర్డియము'నకు మూడు పనులు చెప్పబడినవి: శ్రోతలను సుముఖులను జేయుట, సావధానులను జేయుట, చెప్పబోవుదానిని గ్రహించుటకు సిద్ధపరచుట. మూడవ యంగమగు 'పార్తీషియో' యనునది విభజనము. ఇచ్చట వక్త వివాదాంశ మేదియో, తా నేయే భాగములుగా మాటాడనున్నాడో తెలుపును. ఇది న్యాయస్థానమున వాదించువానికై యేర్పడిన శాస్త్రము. న్యాయాధిపతి ముందుగనే విముఖుడై యుండవచ్చును గనుక మంచిమాటలతో నాతని మనస్సును దనవైపునకు ద్రిప్పుకొనుట వాది కవసరము. మధ్యయుగమున గ్రైస్తవమతబోధకు లీ విభజనపద్ధతిని దమ యుపదేశములలో జొప్పించిరి. 1553లో తామస్ విల్సన్ ప్రకటించిన వాగ్మిశాస్త్రగ్రంథము వీని నాంగ్లభాషలో వివరించెను. నేటి యుపన్యాసకుడు "ఐ యామ్ గ్రేట్‌ఫుల్ టు ది ఆర్గనైజర్స్" అని కృతజ్ఞత తెలుపుట యాదిమమగు సుముఖీకరణమే. "మై పేపర్ ఈజ్ ఇన్ త్రీ పార్ట్స్" అని పలుకుట యా 'పార్తీషియో'యే.

ఈ ప్రాచీనరీతికి బ్రబలమగు సవరణ 17వ శతాబ్దమున గలిగెను. 1660వ సంవత్సరము నవంబరు 28న లండనులోని గ్రెషామ్ కళాశాలలో క్రిస్టఫర్ రెన్ ఉపన్యాసము ముగిసినపిదప గొందరు విద్వాంసులు చేరి యొక సంఘమును స్థాపింప నిశ్చయించిరి. అదియే తరువాత రాజాజ్ఞాపత్రమును బొంది రాయల్ సొసైటీ యని ప్రసిద్ధి కెక్కెను. 'ఎవ్వని మాటనుబట్టియు నంగీకరింపము' అను నర్థము గల లాటిను వాక్యమును వారు తమ ముద్రయందు నిలుపుకొనిరి. 1667లో నీ సంఘచరిత్రమును వ్రాసిన తామస్ స్ప్రాట్, సభ్యులు వాగాడంబరమును వర్జించి, గణితశాస్త్రమునం దుండునట్టి నిరాడంబరతతో మాటాడవలెనని కోరుచున్నట్లు తెలిపెను. వక్తృత్వమునకు న్యాయస్థానమున నేది గుణమో, యది పరీక్షాశాలయందు దోషమయ్యెను.

అట్లయినను సభామర్యాద పూర్తిగా బోలేదు. ఆంగ్లేయుల పార్లమెంటులోని కామన్సు సభయందు సభ్యు లొకరితో నొకరు నేరుగా మాటాడరు; ప్రతివారును సభాపతినే సంబోధింతురు. వివాదము వ్యక్తిగతమైన కలహముగా మారకుండుట కిది కట్టుబాటు. విద్వత్సంఘములును నీ కట్టుబాటునే పాటించినవి. రాయల్ సొసైటీకి రెండవ ఛార్లెస్ రాజు 1663లో నొక రాజదండము నొసగెను. సంఘము కూడినప్పు డది యధ్యక్షుని యెదుట నుంచబడును. "మిస్టర్ ప్రెసిడెంట్" అనియు, "మిస్టర్ చైర్మన్" అనియు వక్త మొదట బలుకుట కిదియే మూలము. ఇది యధ్యక్షుని గౌరవించుటకు మాత్రమే యేర్పడినది కాదు. నా మాట లీ సభలోని యే యొక్కరిని నుద్దేశించినవియు గావు, సభాధికారమునకు లోబడి పలుకుచున్నాను అని తెలుపుట దీని యసలు తాత్పర్యము. స్త్రీ యధ్యక్షురాలైనచో "మేడమ్ చైర్" అందురు.

రాయల్ సొసైటీలో మఱియొక యాచారము గలదు. అందు వినిపింపబడిన పెక్కువ్యాసములను రచయితలు స్వయముగా జదువలేదు. దూరదేశములనుండి వచ్చిన లేఖలను గార్యదర్శి సభలో జదువుచుండెను. కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గ్ 1665 మార్చిలో బ్రారంభించిన 'ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్' పత్రికలో నట్టి లేఖలే పెక్కు ప్రకటితమయినవి. న్యూటను వెలుతురును, వర్ణములను గూర్చి వ్రాసిన ప్రసిద్ధవ్యాసముకూడ నొక యుత్తరమే. అది 1672 ఫిబ్రవరి 8న సభలో జదువబడెను. దాని యారంభమున నాతడు పూర్వము తాను చేసిన వాగ్దానమును జ్ఞాపకము చేసి, యిక మర్యాదావాక్యములతో బనిలేదని చెప్పి, వెంటనే 1666వ సంవత్సరమున నొక గాజుపట్టకమును సంపాదించి చేసిన పరీక్షలోనికి బ్రవేశించెను. వాగ్దానస్మరణము పూర్వసంబంధమును జూపును, తక్కినది విషయమే. ఇంతకంటె సంక్షిప్తమైన యుపక్రమము దుర్లభము.

లేఖలనుండి పుట్టినదే "ఐ హావ్ ద ఆనర్ టు" అను వాక్యఖండము. ఆంగ్లప్రభుత్వకాలమున మన కచ్చేరీలనుండి వెడలిన యుత్తరములను జూచినవారి కిది సుపరిచితము. విద్వత్సంఘమునకు వ్యాసమును బంపువాడు "ఐ హావ్ ద ఆనర్ టు కమ్యూనికేట్" అని కాని, "ఐ బెగ్ టు లే బిఫోర్ ద సొసైటీ" అని కాని వ్రాయుచుండెను. సభలో స్వయముగా నిలిచి మాటాడు కాలము వచ్చినను నీ లేఖాపదములు గొంతకాలము నిలిచినవి. నేడు వీనిని నోట బలికినచో శ్రోతలకు బాతదస్తావేజు చదివినట్లుండును. ఇవి పుట్టిన యవసరము గతించినది గనుక వీనిని విడుచుటయే యుచితము.

ఈ లేఖాపద్ధతిలోనే యుపక్రమమునకు గల యుత్తమప్రయోజనమును జూపు నుదాహరణ మొకటి కలదు. 1858 జూలై 1న లండనులోని లినియన్ సొసైటీయందు జీవజాతుల పరిణామమును గూర్చిన డార్విన్, వాలెసుల రచనలు చదువబడినవి. రచయిత లిరువురును సభలో లేరు. వాలెసు మలయద్వీపములలో నుండెను. డార్విను తన పసిబిడ్డ మరణించిన దుఃఖములో నుండెను. వారి మిత్రులు లయెల్, హుకరులు వ్రాసిన లేఖ ముందుగా జదువబడెను. ఇరువురు రచయితలును నొకరి నొకరెరుగక స్వతంత్రముగా నొకే సిద్ధాంతమునకు వచ్చిరనియు, డార్విను 1844లో వ్రాసిన భాగ మిది, 1857లో నమెరికాలోని ఆసా గ్రే పండితునకు వ్రాసిన లేఖయొక్క సంగ్రహ మిది, వాలెసు పంపిన వ్యాస మిది యనియు నా లేఖ వివరించెను. గౌరవవచనము దానిలోను గలదు. కాని దాని సారము గౌరవవచనమున లేదు. ఎవరి భాగ మెంతయో, యెప్పటిదో నిష్కర్షగా విడదీసి చెప్పుటలో నున్నది. పూర్వుల ఋణమును ముందుగా నొప్పుకొనుట సత్యసంధతకు లక్షణము. ఈ పనిని జేయని యుపక్రమ మెంత మధురమైనను లోపభూయిష్టమే.

ఇక సభ్యసంబోధనమును విచారింతము. 1784 జనవరి 15న కలకత్తాలో సర్ విలియం జోన్సు ఆసియాటిక్ సొసైటీని స్థాపించెను. అతడు తన ప్రథమోపన్యాసమును 1783 ఆగస్టులోని సముద్రయానస్మృతితో నారంభించెను: ముందు హిందూదేశము, ఎడమవైపున బారశీకము, వెనుకనుండి యరేబియాగాలి. శ్రోతల కాసియాఖండమంతయు నొక్కసారిగా గన్నుల గట్టినది. సంఘముయొక్క విషయమేదియో వేరుగా జెప్పవలసిన పని లేకపోయెను. సంస్కృత, గ్రీకు, లాటిను భాషల యేకమూలత్వమును సూచించిన 1786 ఫిబ్రవరి 2వ తేదీ యుపన్యాసమునందో, తాను మునుపు చేసిన ప్రసంగముల సారమును మొదట జెప్పి, దానితో నాటి విషయమును ముడివేసెను. అందాతడు సభ్యులను "జెంటిల్మెన్" అని సంబోధించెను. ఆ సంబోధనమున నాడు హిందూదేశీయు డొక్కడును జేరియుండలేదు. దేశీయులు సభ్యులగుట 1829లో గాని సంభవింపలేదు. సంస్కృతవిద్యను గూర్చిన సభలో సంస్కృతపండితునకు బీఠము లేకపోవుట యొక చిన్న సంబోధనపదము వలన మనకు దెలియుచున్నది.

స్త్రీల విషయమునను నిట్లే జరిగెను. మేరీ సోమర్‌విల్ పరిశోధనవ్యాసమును 1826లో రాయల్ సొసైటీకి సమర్పించినవా డామె భర్త. హెర్తా అయిర్టన్ 1899లో విద్యుదింజనీర్ల సంఘమునందు దన వ్యాసమును దానే చదివెను. కాని రాయల్ సొసైటీకి 1901లో సమర్పింపబడిన యామె వ్యాసమును జాన్ పెర్రీ చదువవలసివచ్చెను. 1902లో నామె పేరు సభ్యత్వమునకు సూచింపబడినప్పుడు, వివాహిత యగుటచే నర్హురాలు కాదని తిరస్కరింపబడినది. 1904లో నామెయే యా సభయందు దన వ్యాసమును స్వయముగా జదివిన ప్రథమవనిత యయ్యెను. ఆ సంఘము స్త్రీలను సభ్యులుగా నెన్నుకొనుట 1945లో గాని జరుగలేదు. కాథ్లీన్ లాన్స్‌డేల్, మార్జరీ స్టీఫెన్‌సన్ అనువారు మొదటివారు. కావున "లేడీస్ అండ్ జెంటిల్మెన్" అను పదసముదాయము విద్వత్సభలో నుచ్చరింపబడునప్పు డది వట్టి వాడుకమాట కాదు. చిరకాలము మూసియున్న యొక తలుపు తెరువబడినదనుటకు సాక్ష్యము. ఇటీవలి సభలలో "కొలీగ్స్" అనియు, "డియర్ ఫ్రెండ్స్" అనియు నింకను సులభమైన సంబోధనములు వ్యాప్తిలోనికి వచ్చినవి.

సంబోధనమునే పూర్తిగా వర్జించిన సంప్రదాయము నొకటి కలదు. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను సంస్థయందు మైకేల్ ఫారడే 1825లో శుక్రవారపు సాయంకాలోపన్యాసములను నెలకొల్పెను. అచ్చట వక్త నియమితకాలమునకు సరిగా బ్రవేశించి, కుశలప్రశ్నలు, వందనములు, పరిచయములు లేక నేరుగా విషయమునే యెత్తుకొనుట యాచారమయ్యెను. మన జగదీశచంద్ర వసువు 1897 జనవరి 29న విద్యుత్తరంగములను గూర్చి యుపన్యసించినది యీ వేదికమీదనే.

ఫారడే యువకుడై యుండగనే, 1813లో, దన మిత్రుడు బెంజమిన్ ఆబట్టునకు వ్రాసిన లేఖలలో నుపన్యాసకుని ధర్మములను జర్చించెను. క్షమాపణలు సాధ్యమైనంత తక్కువగా నుండవలెననియు, శ్రోతలకు నిజముగా నసౌకర్యము కలిగినప్పుడే చెప్పవలెననియు నాతని మతము. "నేను పండితుడను గాను, నా యాంగ్లభాష బాగుండదు, తగినంత కాలము లేదు" అని మొదలుపెట్టువారు దీనిని దలపోయవలెను. అట్టి వినయవాక్యమును విన్న శ్రోత వక్త వినయమును గాదు, విషయముయొక్క బలహీనతనే శంకించును. ఫారడే 1860–61 శీతకాలమున బాలురకు జేసిన క్రొవ్వొత్తి యుపన్యాసముల మొదటి వాక్యములో మూడంశములు చేరియున్నవి: మీరు వచ్చి మాకు గావించిన గౌరవము, దానికి బ్రతిగా నేను చేయబోవు పని, ఆ పనికి విషయమగు క్రొవ్వొత్తి రసాయనచరిత్రము. కృతజ్ఞతయు, బ్రతిజ్ఞయు, విషయమును నొక్క వాక్యమున నిమిడినవి.

విషయమునుండియే సభను మేల్కొల్పిన యుపక్రమములు మఱి రెంటిని బేర్కొనవచ్చును. 1868లో బ్రిటిష్ అసోసియేషను నార్విచ్ నగరమున గూడినప్పుడు, హక్స్లీ పండితు డచ్చటి శ్రామికులకు సుద్దముక్కను గూర్చి యుపన్యసించెను. ఈ పట్టణము నడుమ మన కాళ్లక్రింద నూయి త్రవ్వినచో గొలదికాలమునకే సుద్ద బయల్పడునని యాతడారంభించెను. భూగర్భశాస్త్ర మెక్కడనో లేదు, వినువాని పాదములక్రిందనే యున్నదని యా యొక్క మాటతో దెలిసెను. 1900 ఏప్రిల్ 27న రాయల్ ఇన్‌స్టిట్యూషనులో కెల్విను ప్రభువు, ఉష్ణమును వెలుతురును జలనరూపములని చెప్పు సిద్ధాంతముయొక్క సౌందర్యమును రెండు మేఘములు కప్పియున్నవని మొదలుపెట్టెను. విషయమును, దానియందలి చిక్కును, ఉపన్యాసముయొక్క రెండు భాగములును నా యొక్క వాక్యముననే గలవు. ఇచ్చట విభజనము యాంత్రికముగా లెక్కించుట కాదు. చిక్కులు రెండు గనుక భాగములు రెండు.

హిందూదేశమున నీ పద్ధతులు మహాసభలతోపాటు వ్యాపించినవి. 1914 జనవరిలో సర్ అశుతోష్ ముఖర్జీ యధ్యక్షతను కలకత్తాయందు ప్రథమ సైన్స్ కాంగ్రెసు ఆసియాటిక్ సొసైటీ భవనముననే కూడెను. 1919 నవంబరులో బూనాయందు ప్రథమ ప్రాచ్యవిద్యామహాసభ జరిగెను. 1924 డిసెంబరులో దాని తృతీయసమావేశము చెన్నపురియందు జరిగెను. నానాభాషల పండితు లొక్కచోట గూడినప్పు డాంగ్లము వ్యవహారభాష యగుట సహజము. దానితో నా భాషయొక్క సభామర్యాదలును వచ్చినవి. తరువాత ధ్వనివర్ధకము వచ్చి "కెన్ ఎవ్రీవన్ హియర్ మి" అను ప్రశ్నను దెచ్చెను. మాయాదీపములోనికి బ్రక్కనుండి త్రోయబడిన గాజుపలకలకు గల్గిన 'స్లైడ్' అను పేరు, గాజు పోయి విద్యుద్యంత్రపు తెర వచ్చినను నిలిచియున్నది.

ఇన్ని వాక్యములలో వక్త దేని నుంచుకొనవలెను? ఇందులకు మన శాస్త్రకారు లేర్పరచిన కొలబద్ద యొకటి కలదు. శాస్త్రారంభమున నాలుగంశములు తెలుపవలెనని వారి నియమము: విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. ఇవియే యనుబంధచతుష్టయము. పతంజలి మహాభాష్యమున 'అథ' శబ్దము ప్రస్తుతవిషయముయొక్క యారంభమును దెలుపునని చెప్పి, వెంటనే వ్యాకరణాధ్యయనప్రయోజనములను లెక్కించెను. బ్రహ్మసూత్రభాష్యమున శంకరు లా 'అథ' శబ్దమునకే యానంతర్యార్థము చెప్పి, దేని తరువాత నీ విచారమునకు బూనవలెనో, యెవ డందుల కధికారియో నిర్ణయించిరి. ఒక్క యక్షరద్వయముపై నింత విచారము చేసిన సంప్రదాయమువారికి మొదటివాక్యముయొక్క గురుత్వమును వేరుగా జెప్పనక్కరలేదు.

మన కావ్యావతారికలును నట్టివే. ఇష్టదేవతాస్తుతి మంగళార్థము, పూర్వకవిస్తుతి పూర్వుల ఋణమును దెలుపును, కృతిపతిప్రశంస కార్యమును జేయించినవానికి గృతజ్ఞత. ఆంగ్లసభలో నిర్వాహకులకు వందన మర్పించుట కృతిపతిప్రశంసకు సమానము. పూర్వపరిశోధకులను బేర్కొనుట పూర్వకవిస్తుతికి సమానము. అవతారికలోని కుకవినిందను మాత్రము విద్వత్సభకు గొనిపోరాదు. పూర్వుని మతమును ఖండింపవలసివచ్చినచో బూర్వపక్షముగా ననువదించి, హేతువుతో ఖండింపవలెను గాని, నిందింపరాదు.

ఆధునికకాలమున జాన్ స్వేల్స్ అను నాంగ్లభాషావిమర్శకుడు పరిశోధనవ్యాసముల యుపోద్ఘాతములను బరిశీలించి, 1981లో వానియందు నాలుగు గతులు గలవనియు, దానిని సవరించి 1990లో మూడు గతులు గలవనియు ప్రతిపాదించెను. మొదట క్షేత్రమును గుర్తించుట. పిదప నందు మిగిలిన కొఱతనో, సంశయమునో చూపుట. తుద కా కొఱతను దాను దీర్చుచున్నట్లు తెలుపుట. ఇది విషయ, సంబంధ, ప్రయోజనములకు మిక్కిలి దగ్గరగా నున్నది. మన శాస్త్రకారులు ప్రత్యేకముగా జెప్పిన నాలుగవది, యధికారినిర్ణయము, మన పండితులకు మఱింత ముఖ్యము. ఏలయన నాంగ్లసభలో మన మాట వినువారిలో బెక్కుర కాంధ్రవాఙ్మయ మపరిచితము.

ఉదాహరణమునకు అద్దంకి శాసనమును గూర్చి యొక వ్యాసము చదువవలసియున్నదనుకొందము. ఈ శాసనము 9వ శతాబ్దినడుమ పండరంగడను చాళుక్యసేనానిది. అందలి పద్యము తరువోజ. దాని కుపక్రమ మిట్లుండవచ్చును: "ఇట్ హాజ్ జెనరల్లీ బీన్ హెల్డ్ దట్ తెలుగు పోయెట్రీ బిగిన్స్ విత్ నన్నయ, హూ రోట్ ఇన్ ది ఎలెవెన్త్ సెంచురీ. ది అద్దంకి ఇన్‌స్క్రిప్షన్, హౌఎవర్, ఈజ్ ఇన్ వర్స్, అండ్ ఈజ్ ఎబౌట్ టూ సెంచురీస్ ఓల్డర్. ఐ షల్ ఆర్గ్యూ దట్ ఇట్స్ మీటర్ ప్రీసపోజెస్ ఎ లాంగ్ ప్రాక్టీస్. ఫర్ దోజ్ హూ డు నాట్ రీడ్ తెలుగు, ఐ షల్ ఫస్ట్ ఎక్స్‌ప్లెయిన్ ద మీటర్." మొదటివాక్యము పూర్వపక్షము, నన్నయ కాలమును దెలిపి తెలియనివానికి దారి చూపుచున్నది. రెండవది సంశయమునకు గారణమగు ప్రమాణము. మూడవది ప్రతిజ్ఞ. నాలుగవది యధికారిని గురించిన శ్రద్ధ. ఈ నాల్గింటికి నర్ధనిమిషమైనను బట్టదు.

ఇందు 'హౌఎవర్' అను నవ్యయమున బలము గలదు. అది మన శాస్త్రములలోని 'తు' శబ్దమువలె బూర్వపక్షమును నివర్తింపజేయును. క్రియాపదమును నెఱిగి యేరుకొనవలెను. "ఐ షల్ షో" అన్నచో బ్రమాణము నిశ్చితమని యర్థము. "ఐ షల్ ఆర్గ్యూ" అన్నచో యుక్తిచే సాధింతునని యర్థము. "ఐ విష్ టు సజెస్ట్" అన్నచో సంభావ్యమని సూచించుట మాత్రమే. ప్రత్యక్షప్రమాణమున్నచోట 'సజెస్ట్' అనుట పిఱికితనము. అనుమానమాత్రమున 'షో' అనుట సాహసము. ప్రమాణతారతమ్య మెఱిగిన మన పండితుల కీ భేదము గ్రహించుట కష్టము కాదు. ఆంగ్లపదము లే ప్రమాణమునకు జెల్లునో తెలిసికొనుటయే కావలసినది.

చివర నొక మాట. ఆంగ్లమునుండి యీ వాక్యముల నక్షరశః తెనిగించి, "మీ యెదుట నిలువబడుట నాకు మహాగౌరవము" అనియు, "ఈ యవకాశము నిచ్చినందులకు మిక్కిలి సంతోషించుచున్నాను" అనియు దెనుగుసభలలో బలుకుట యధికమైనది. ఆంగ్లేయులు సయితము విడుచుచున్న లేఖామర్యాదలను మనము దెనుగున నిలుపుకొనుట వింతగదా! మనకు 'అధ్యక్షా' యని సంబోధించుటయు, 'సభాసదులారా' యని పిలుచుటయు జాలును. తరువాత విషయమునే చెప్పవలెను. ఆంగ్లసభలోనైనను, దెనుగుసభలోనైనను, మనము గొనిపోవలసిన దొక్కటే: ఏది విచారించుచున్నాము, పూర్వు లేమనిరి, మన మేమనుచున్నాము, వినువానికి మొదట నేది తెలియవలెను. ఈ నాలుగును సిద్ధముగా నున్నవానికి మొదటి వాక్యము దానంతట దానే నోటికి వచ్చును. అవి లేనివానికి గంఠస్థములగు వాక్యములు నూరున్నను విషయము మొదలు కాదు.